రాతిమీది వ్రాత చదివిన పంతులుగారు

ప్రతి ఏటా శుభ శుక్రవారం నాడు ఏడు మాటల ఆరాధనలో యోహాను సువార్త 19వ అధ్యాయం మన సంఘాలలో చదువుతారు. పిలాతు వ్రాయించి సిలువమీద పెట్టించిన పైవిలాసము సంగతి అందులో ఉన్నది. దానిని హెబ్రీ, గ్రీకు, రోమా భాషలలో వ్రాశారని యోహాను చెబుతాడు. ఎండలో నడిచి వచ్చి, చాపమీద కూర్చుని వింటున్న మనలో చాలమందిమి ఆ మాటను దాటిపోతాము. రోమా భాష అంటే లాటిను. దండులో ఉత్తర్వులకు, కచేరీలో తీర్పులకు, నాణెం మీద చక్రవర్తి పేరుకు రోమీయులు వాడిన భాష. అంటే మన ప్రభువు తలపైన ఒక లాటిను శాసనం ఉండినదన్న మాట.

ఆ పిలాతు పేరే రాతిమీద కూడా దొరికింది. 1961లో ఇటలీ దేశపు పురావస్తు శాస్త్రజ్ఞులు కైసరయలో పాత నాటకశాల త్రవ్వుతున్నారు. పౌలు రెండేళ్ళు ఖైదులో ఉన్న కైసరయ అదే. అక్కడ మెట్టుగా వేసిన ఒక రాతిని తీసి చూస్తే దానిమీద లాటిను అక్షరాలు ఉన్నాయి. ఎడమవైపు చాలా అరిగిపోయింది. మిగిలిన వరుసలలో తిబెరి చక్రవర్తి పేరున్న ఒక కట్టడం, పిలాతు పేరు, యూదయ అధిపతి అన్న అతని ఉద్యోగం తెలుస్తున్నాయి. ఆ రాయి ఇప్పుడు యెరూషలేములోని మ్యూజియంలో ఉంది. ఎన్ని వందల ఏళ్ళు ఎందరు ఆ మెట్టు తొక్కి వెళ్ళారో!

ఇది దూరదేశపు ముచ్చట అనుకోవద్దు. పన్ను చెల్లించవచ్చునా కూడదా అని అడిగినవారిని ప్రభువు ఒక దేనారము తెమ్మని, దానిమీద ఉన్న రూపమూ వ్రాతా ఎవరివని అడిగాడు కదా. అది తిబెరి కైసరు వెండి నాణెమని చాలమంది పండితుల అభిప్రాయం. ఔగుస్తు, తిబెరి కైసరుల వెండి నాణేలు మన తెలుగు నేలలోనే, నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో, కుప్పగా బయటపడ్డాయి. పరమేశ్వరీలాల్ గుప్తా అనే నాణెముల పండితుడు 1965లో ఆంధ్రప్రదేశ్‌లో దొరికిన రోమను నాణేల మీద ఒక పుస్తకమే వ్రాశారు. మన మిరియాలూ బట్టలూ ఓడలెక్కి వెళ్ళాయి, వాళ్ళ వెండీ బంగారమూ ఇటు వచ్చాయి. యేసు ప్రభువు గలిలయలో నడుస్తున్న కాలానికే ఆయన చేతిలో పట్టుకుని చూసినలాటి నాణెం, అదే లాటిను వ్రాతతో, తెలుగు వర్తకుడి మూటలోనూ ఉండి ఉంటుంది.

ఇటువంటి పాత వ్రాతలు చదవడమే జీవితమంతా పనిగా పెట్టుకున్నవారు ఉంటారు. వారిలో ఒకరు మన శ్రీకాకుళం జిల్లాలోనే పుట్టారు. ఆయన చదివినది లాటిను కాదు. వంశధార ఒడ్డున రాళ్ళు, రాగిరేకులు. ఆయనే గిడుగు వెంకట రామమూర్తి పంతులుగారు. బడికి వెళ్ళే పిల్లలున్న ప్రతి ఇంటికీ ఆయన పేరు తెలుసు, ఎందుకంటే ఆగస్టు 29న, ఆయన పుట్టినరోజున, తెలుగు భాషా దినోత్సవం చేస్తున్నారు. వాడుక భాష కోసం పోరాడినవారని బడిలో చెబుతారు. కాని ఆ పోరాటానికి ముందు ఆయన ఏమి చేస్తూ ఉండేవారో ఎవరూ చెప్పరు. మాకు ఆ ముందు కథే ఇష్టం.

1863లో శ్రీముఖలింగం దగ్గర పర్వతాలపేటలో ఆయన పుట్టారు. తండ్రి వీర్రాజుగారు రెవెన్యూ ఉద్యోగి. చోడవరంలో పనిచేస్తుండగా 1875లో కన్నుమూశారు. అప్పటికి పిల్లవానికి పన్నెండేళ్ళు. బంధువుల ఇంట ఉండి విజయనగరం మహారాజావారి ఇంగ్లీషు స్కూలులో చదివి, 1879లో మెట్రిక్యులేషన్ పాసయ్యారు. ఆ బడిలోనే గురజాడ అప్పారావుగారు ఆయనకు సహాధ్యాయి. విచిత్రమేమిటంటే అప్పారావుగారు కూడా 1891లో విజయనగర సంస్థానంలో శాసన పరిశోధకునిగా నియమితులయ్యారు. ఒకే బడిలో చదువుకున్న ఇద్దరు స్నేహితులు, ఇద్దరూ పాత శాసనాలు చదివినవారే, ఇద్దరూ తరువాత మనం మాట్లాడే తెలుగు కోసమే నిలబడ్డారు. ఇది కాకతాళీయమని మేము అనుకోము. ఎందుకో కొంచెం ముందుకు పోయాక చెబుతాము.

మెట్రిక్ పాసైన మరుసటి ఏడు, 1880లో, రామమూర్తిగారు పర్లాకిమిడి రాజావారి స్కూలులో ముప్ఫై రూపాయల జీతం మీద పంతులుగా చేరారు. క్రింది తరగతికి చరిత్ర చెప్పడం పని. బడి పని చేస్తూనే సొంతంగా చదివి ఎఫ్.ఏ., తరువాత బి.ఏ. పాసయ్యారు. యూనివర్సిటీ ఉద్యోగం లేదు, పరిశోధనకు డబ్బిచ్చేవారు లేరు, పెద్ద గ్రంథాలయం లేదు. ఇంగ్లండు చరిత్ర పాఠాలు చెబుతూ చెబుతూ మన ఊరి చరిత్ర సంగతేమిటన్న ఆలోచన వచ్చిందో ఏమో, ముఖలింగం గుళ్ళలోని శాసనాల మీద ఆయన దృష్టి పడింది. ఆ లిపి చదవడం నేర్పే గురువు దగ్గరలో లేడు. తనంతట తానే నేర్చుకున్నారు.

గుడి అనగానే మనలో కొందరు విశ్వాసులు వెనుకాడతారని మాకు తెలుసు. మేము ముఖలింగం వెళ్ళింది పూజకు కాదు, గోడలు చూడడానికి. అపొస్తలుడైన పౌలు ఏథెన్సు వీధులలో నడుస్తూ ఎవరో తెలియని దేవుని పేరిట కట్టిన బలిపీఠం మీది వ్రాతను చదివి, దానినే ఆధారం చేసుకుని ప్రసంగించలేదా? చదవడంలో దోషం లేదు.

శ్రీకాకుళం నుంచి ఉత్తరంగా వెళితే జలుమూరు మండలంలో, వంశధార ఎడమగట్టున ఆ ఊరు ఉంటుంది. మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర అని మూడు పాత ఆలయాలు. మధుకేశ్వరంలో గోడలమీద, స్తంభాలమీద ఎటు చూసినా అక్షరాలే. కొన్ని తెలుగు లిపిలో, కొన్ని నాగరిలో. మొదటిసారి చూసినవారికి అవి చీమల బారులలా కనబడతాయి. గుడ్డివెలుతురులో ఒక అక్షరం పోల్చుకోవడానికే మాకు మెడలు నొప్పి పుట్టాయి. ఒకటి గుర్తు పట్టామనుకునేసరికి పక్కది పెచ్చు ఊడిపోయి ఉంది. పెద్దగా రాజుల యుద్ధాలేమీ ఉండవు వాటిలో. ఎక్కువగా దీపదానాలే. ఫలానావాడు అఖండ దీపానికి ఇన్ని మాడలు ఇచ్చాడు, ఫలానా ఆమె ఇంత ఇచ్చింది, ఇన్నవ శక సంవత్సరంలో. మన సంఘాలలో పెట్రోమాక్సు లైటు ఇచ్చినవారి పేరు, గంట ఇచ్చినవారి పేరు వ్రాసిపెట్టినట్లే. చరిత్రకు అక్కర వచ్చేవి అవే, ఎందుకంటే వాటిలో తేదీ ఉంటుంది, ఊరి పేరు ఉంటుంది, రాజు ఏలుబడిలో ఎన్నవ ఏడో ఉంటుంది. శక సంవత్సరానికి డెబ్బై ఎనిమిది కలిపితే మన క్రీస్తు శకం వస్తుంది.

రాగిరేకులు ఇంకొక రకం. రాజు భూమి దానం ఇచ్చినపుడు రేకులమీద చెక్కించి, కడియంతో గుచ్చి, ముద్ర వేసి ఇచ్చేవాడు. ఇప్పటి పట్టాదారు పాసుపుస్తకం వంటిదనుకోండి. ఎక్కడో పొలం దున్నుతుంటే నాగలికి తగిలేవి. కంసాలి కొలిమిలోకి పోయినవి ఎన్నో. మిగిలిన వాటిలో ఒకటి మన జిల్లాలోని నడగాంలో దొరికిన వజ్రహస్తుని శాసనం. గాంగ వంశపు రాజు ఇతడు. ఆ రేకులను చదివి, పాఠమూ వివరణా వ్రాసి, ప్రభుత్వం వారు వేసే ‘ఎపిగ్రాఫియా ఇండికా’ అనే పరిశోధన పత్రిక నాలుగవ సంపుటంలో అచ్చు వేయించినవారు మన పర్లాకిమిడి పంతులుగారే. ఆ పత్రికలో సామాన్యంగా వ్రాసేవారు జర్మనీ ప్రొఫెసర్లు, ప్రభుత్వ శాసన శాఖ అధికారులు. వారి నడుమ ఒక బడిపంతులు.

ఈ పని ఎలా ఉంటుందో ఒక్క ఉదాహరణ చెబుతాము. నడగాం రేకులలో వజ్రహస్తుని పట్టాభిషేకం ఏ ఏట జరిగిందో అంకెలలో వ్రాయలేదు. ఆకాశము, ఋతువు, నిధి అనే అర్థం వచ్చే మాటలు ఉన్నాయి. ఆకాశమంటే శూన్యం, సున్న. ఋతువులు ఆరు. నిధులు తొమ్మిది. దానిని కుడినుంచి ఎడమకు పేర్చాలి: 960. అది శక సంవత్సరం, అంటే క్రీ.శ. 1038. తెలియనివాడు ఆకాశం గురించి వర్ణన అనుకుని పేజీ తిప్పేస్తాడు. తెలిసినవానికి అక్కడ ఒక రాజ్యానికి పుట్టినరోజు దొరుకుతుంది. దానం ఇచ్చిన శక సంవత్సరం 979, అంటే పట్టాభిషేకమైన పందొమ్మిదేళ్ళకు.

పంతులుగారు తేల్చిన మరొక సంగతి మన ప్రాంతానికి చాలా ముఖ్యం. గాంగరాజుల శాసనాలలో వారి రాజధాని పేరు కళింగనగరం అని ఉంటుంది. అది ఎక్కడ? ఫ్లీట్ అనే ఇంగ్లీషు దొర, ఆ రోజులలో శాసన పండితులలో మహా పేరున్నవాడు, వంశధార సముద్రంలో కలిసేచోట ఉన్న కళింగపట్నమే అన్నాడు. పేరు కలిసింది కనుక అందరూ ఒప్పుకున్నారు. రామమూర్తిగారు ఒప్పుకోలేదు. ముఖలింగం శాసనాలలోనే ఆ చోటికి నగరం అనే పేరు వస్తోంది, పక్కనున్న పల్లెను ఈనాటికీ నగరికటకం అంటున్నారు, ఇన్ని పాత గుళ్ళూ శిథిలాలూ ఇక్కడే ఉన్నాయి, కనుక కళింగనగరం ఇదే అని వాదించారు. దొర కూడా శాసనాలు చదివాడు గాని ఆ ఊరి పొలాల గట్లమీద నడిచినవాడు కాడు. చరిత్రకారులలో ఎక్కువమంది ఇప్పుడు పంతులుగారి మాటే అంగీకరిస్తారు.

ఇక్కడ మాకు మరొక పండితుడు గుర్తుకు వస్తున్నాడు. పాఠకులు విసుగు చెందకుండా వినాలి. ఆయన పేరు విలియం రామ్సే. స్కాట్లండువాడు. అబర్డీన్ యూనివర్సిటీలో లాటిను ప్రొఫెసరు. పౌలు తిరిగిన చిన్న ఆసియా దేశంలో, ఇప్పటి టర్కీలో, గుర్రాలమీద ఊరూరా తిరిగి గ్రీకు, లాటిను శాసనాలు వ్రాసుకోవడం ఆయన జీవితకాలపు పని. ఈ ఇద్దరి సంవత్సరాలు పక్కపక్కన పెట్టి చూసి మేము ఆశ్చర్యపోయాము. రామ్సే మొదటిసారి ఆ దేశంలో అడుగుపెట్టింది 1880లో, మన పంతులుగారు బడిలో చేరిన ఏడే. రామ్సే ప్రొఫెసరు పదవి విడిచింది 1911లో, పంతులుగారు బడి విడిచిన ఏడే. రామ్సే 1939 ఏప్రిల్‌లో చనిపోయాడు, పంతులుగారు 1940 జనవరి 22న. ఒకరినొకరు ఎరుగుదురని మేము అనడం లేదు. ఒకే కాలంలో ఒకే రకం పని రెండు నదుల ఒడ్డున జరిగింది, అంతే.

రామ్సే మొదట అపొస్తలుల కార్యములను నమ్మినవాడు కాదు. అది అపొస్తలుల కాలానికి చాలా తరువాత ఎవరో కల్పించి వ్రాశారని ఆ రోజులలో జర్మనీ పండితులు కొందరు చెప్పేవారు, అతడూ అలాగే అనుకున్నాడు. 14వ అధ్యాయంలో పౌలు, బర్నబాలు ఈకొనియ నుంచి తప్పించుకుని లుకయొనియ పట్టణాలైన లుస్త్రకు, దెర్బేకు పారిపోయారని ఉంది. పండితులకు అక్కడ చిక్కు వచ్చింది. ఈకొనియ కూడా లుకయొనియలోనిదే కదా, శ్రీకాకుళం జిల్లాలో ఉన్నవాడు శ్రీకాకుళం జిల్లాకు పారిపోయాడన్నట్లు ఉన్నదే అని. రామ్సే ఆ నేలమీద తిరిగి, ఆధారాలు కూర్చి చూస్తే, ఈకొనియ వారు తమను తాము ఫ్రుగియ వారమనే చెప్పుకునేవారని తేలింది. ఎల్లలు అప్పుడప్పుడు మారాయి గాని, పౌలు కాలానికి లూకా వ్రాసినదే సరి. ఆ చోటా ఆ కాలమూ ఎరిగినవాడు మాత్రమే అలా వ్రాయగలడు. అక్కడినుంచి రామ్సే మనసు మెల్లమెల్లగా తిరిగింది. 1895లో పౌలు ప్రయాణాల మీద ఆయన వ్రాసిన గ్రంథం చాలా దేశాలలో చదివారు. శాసనాలు చదివినందువల్లనే రక్షణ విశ్వాసం వస్తుందని మేము చెప్పబోవడం లేదు. ముందుగా అనుకున్నదానిని రాయి కాదన్నపుడు రాతి మాట వినగలిగినవాడు రామ్సే. పండితులకు అది అంత సులభం కాదు.

లుస్త్ర సంగతి ఇంకా ఉంది. తిమోతి ఊరు, పౌలును రాళ్ళతో కొట్టి చనిపోయాడనుకుని ఈడ్చి పారేసిన ఊరు. ఆ ఊరు ఎక్కడుండేదో 1885 దాకా నిశ్చయంగా తెలియదు. ఆ ఏడు స్టెరెట్ అనే అమెరికా పండితుడు ఒక పల్లె దగ్గర ఒక రాతి పీఠాన్ని చూశాడు. దానిమీద లాటినులో ఔగుస్తు చక్రవర్తికి అంకితమని, అంకితం చేసినది లుస్త్ర పట్టణమని ఉంది. ఒక్క రాయి, ఒక్క పేరు. ఊరు దొరికింది. దెర్బే కోసం మరో డెబ్బై ఏళ్ళు ఆగవలసి వచ్చింది, 1956లో గాని దాని పేరున్న శాసనం కనబడలేదు. కళింగనగరాన్ని వెదకిన మన పంతులుగారి పనికీ, ఈ పనికీ తేడా ఏముంది?

1883లో రామ్సేకు ఒక స్నానశాల గోడలో రెండు రాతి ముక్కలు దొరికాయి. అవి అబెర్కి అనే సంఘ అధ్యక్షుని సమాధి మీది గ్రీకు శాసనపు తునకలు. రెండవ శతాబ్దంవాడు. తాను రోమాకు, సిరియాకు, యూఫ్రటీసు అవతలికి వెళ్ళానని, ఎక్కడికి వెళ్ళినా విశ్వాసులు రొట్టె, ద్రాక్షారసము ఇచ్చి చేర్చుకున్నారని బ్రతికి ఉండగానే చెక్కించుకున్నాడు. క్రైస్తవ శాసనాలలో మిక్కిలి ప్రాచీనమైన వాటిలో అది ఒకటి. స్నానశాల గోడలో ఇటుకల బదులు పెట్టి కట్టేశారు! ఈ సంగతి పాఠకులు కొంచెం గుర్తుంచుకోవాలి. చివరలో మళ్ళీ వస్తుంది.

పర్లాకిమిడికి తిరిగి వద్దాము. బడికి, బజారుకు వచ్చిపోయే సవరలను పంతులుగారు చూస్తూ ఉండేవారు. కట్టెలు, అడవి సరుకులు తెచ్చి, తెలుగు సరిగా రాక, షావుకార్ల లెక్కలు తెలియక మోసపోయేవారు. వారి భాషకు లిపి లేదు, వ్యాకరణం లేదు, ఎవరూ దాన్ని భాషగా లెక్కపెట్టలేదు. రామమూర్తిగారు తెలుగూ సవరా రెండూ వచ్చిన ఒకరిని ఇంట్లోనే ఉంచుకుని ఆ భాష నేర్చుకున్నారు. నేర్చుకుని ఊరుకోలేదు. సవరలో వాచకాలు వ్రాసి, సొంత డబ్బుతో బడి పెట్టి, పంతుళ్ళకు జీతాలిచ్చి వారి పిల్లలకు వారి భాషలో చదువు చెప్పించారు. ప్రభుత్వం ఆయనకు పారితోషికం ఇవ్వబోతే, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టండి అన్నారు.

దీనికి ఆయన ఇచ్చుకున్న వెల పెద్దది. కొండలలో తిరిగి మన్నెపు జ్వరం తెచ్చుకున్నారు. జ్వరానికి క్వినైను వాడారు. దానితో చెవులు పోయాయి. జీవితాంతం తిరిగి రాలేదు. మనుషులు మాట్లాడే మాటే అసలైన భాష అని చెప్పడానికి పుట్టిన మనిషి, మనుషుల మాట వినలేకపోయారు. ఈ మాట వ్రాయడానికి మాకు చేయి ఆడలేదు. ఆ చెవిటితనంతోనే ఆయన 1931లో సవర వ్యాకరణాన్ని, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువును ఇంగ్లీషులో అచ్చుకు తెచ్చారు. కుమారుడు సీతాపతిగారు ఈ పనిలో తోడుగా ఉన్నారు.

శ్రీకాకుళం, టెక్కలి, పర్లాకిమిడి, బొబ్బిలి, విజయనగరం మిషను కాంపౌండ్లలో పుట్టి పెరిగినవారికి కెనడా బాప్టిస్టు మిషనరీల కథ చెప్పనక్కరలేదు. వారూ సవర కొండలలోకి వెళ్ళారు. ఈనాడు ఆ కొండలలో సవర భాషలో ప్రార్థించే సంఘాలు ఎన్నో ఉన్నాయి. ఒక భాషలో సువార్త చెప్పాలంటే ముందు ఆ భాషను ఎవరో చెవి పెట్టి విని, మాట మాట పోగుచేసి, కాగితం మీద పెట్టాలి. పర్లాకిమిడిలో ఒక హిందూ పంతులు, క్రైస్తవుడు కాని వ్యక్తి, ఆ పనికి తన చెవులు పెట్టాడు. కృతజ్ఞత చెప్పవలసిన చోట మనం చెప్పాలి.

ఇక మేము దాచిపెట్టిన మాట. శాసనాలు చదివినవారే వాడుక భాషకు ఎందుకు నిలిచారు? రామమూర్తిగారు గ్రాంథికవాదులతో తలపడినపుడు ఆయన చేతిలో ఆధారాలున్నాయి. పాత శాసనాలు, పాత తాళపత్రాలు, పూర్వపు పండితుల వచనం. వ్యాకరణం ఒప్పుకోని రూపాలు వాటినిండా ఉన్నాయని వెదకి వెదకి చూపించారు. తప్పు అంటున్నారే, మీ పూర్వులే ఇలా వ్రాశారు కదా అని. జనం మాట రాతిమీదికి ఎక్కింది, పుస్తకంలోకి మాత్రం రానివ్వలేదు. అవతలి పక్షాన ఉన్న జయంతి రామయ్య పంతులుగారు కూడా గొప్ప శాసన పండితులే సుమా! అవే రాళ్ళు చదివి ఇద్దరూ రెండు వైపుల నిలిచారు. కనుక రాళ్ళు వాటంతట అవి తీర్పు చెప్పవు. 1913లో రామమూర్తిగారు ఆధునికాంధ్ర భాష గురించి ఇంగ్లీషులో విజ్ఞాపన వ్రాశారు, 1919లో ‘తెలుగు’ అనే మాసపత్రిక నడిపారు.

మరి బైబిలు లోకంలో ఏం జరుగుతున్నదో చూడండి. క్రొత్త నిబంధన గ్రీకు భాష ప్లేటో వంటి పెద్దల గ్రంథాల భాషలా ఉండదు. అందుచేత అది ప్రత్యేకమైన పవిత్ర భాష అని కొందరు, చదువురానివారి చెడ్డ గ్రీకు అని కొందరు అనేవారు. 1895లో డైస్మన్ అనే జర్మను పాదిరి, ఐగుప్తు ఇసుకలో దొరికిన జమ్ము కాగితాలనూ శాసనాలనూ చూసి వేరే సంగతి చెప్పాడు. అప్పు పత్రాలు, పన్ను రసీదులు, దండులో ఉన్న కొడుకు ఇంటికి వ్రాసిన జాబులు అవి. అందులో ఉన్న గ్రీకే సువార్తలలోని గ్రీకు! సంతలో, ఇంటిలో, పొలంలో మాట్లాడిన భాషలో దేవుని వాక్యం వ్రాయబడింది. సరిగ్గా ఆ పదేళ్ళలోనే పర్లాకిమిడి పంతులుగారు ముఖలింగం గోడల ముందు నిలబడి ఉన్నారు. మన పాత తర్జుమా బైబిలు గ్రాంథికంలో ఉన్నది. దాని గాంభీర్యం మాకూ ప్రాణం. చిన్ననాడు కంఠస్థం చేసిన కీర్తనలు వేరే తెలుగులో మా నోటికి రావు. అయినా మనుమరాలు ఒక వచనం చదివి, తాతా దీనికి అర్థమేమిటి అని అడిగినపుడు మనం చెప్పేది వాడుక మాటలోనే కదా.

1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులో చేరింది. దాన్ని వ్యతిరేకించిన రామమూర్తిగారు ఏభై ఏళ్ళు పైబడి ఉన్న ఊరు వదిలి రాజమండ్రి చేరారు. 1938లో ఆంధ్ర విశ్వవిద్యాలయం కళాప్రపూర్ణ బిరుదుతో గౌరవించింది. అంతకు ముందే ప్రభుత్వం రావు సాహెబ్ బిరుదు, కైజర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది.

చివరగా ఒక సొంత సంగతి. 2025 వేసవిలో మా ప్రాంతపు పల్లె సంఘం ఒకటి మమ్మును పిలిచింది. ఊరి పేరు వ్రాయడం లేదు. వారికి నూరేళ్ళ పండుగ ఎప్పుడు చేయాలో తేలడం లేదు. మొదటి ప్రార్థన మందిరం 1926లో కట్టారని ఒక వర్గం, కాదు 1936 అని మరొక వర్గం. రిజిస్టరు తుఫానులో తడిసి పోయింది. పాత మందిరం పడగొట్టి స్లాబు వేసినపుడు శంకుస్థాపన రాయి ఏమైందో ఎవరికీ గుర్తు లేదు. ఆ ఊరిలో తొంభై దాటిన ఒక పెద్దమ్మ ఉంది. పండుగ చూసి పోతాను బాబూ అంటుంది. 1926 అయితే చూస్తుంది. 1936 అయితే ఇంకా పదేళ్ళు.

రాయి రెండవ రోజున కనబడింది. బోరింగు పక్కన బట్టలుతికే బండ అదే, బోర్లా వేసి ఉంది. నలుగురు కుర్రవాళ్ళు గునపాలు పెట్టి తిప్పారు. కొబ్బరి పీచుతో, ఒట్టి నీళ్ళతో మెల్లగా కడిగాము. తడి కాగితం పరచి, బ్రష్షుతో తట్టి అక్షరాల గుంటల్లోకి దించి, ఆరుతుండగా సిరా గుడ్డతో అద్దాము. ముఖలింగం వంటి చోట్ల శాసనాలకు అచ్చు తీసే పద్ధతి అదే. పైన సంఘం పేరు, నడుమ ‘కీర్తన ౧౨౭’ అని, క్రింద సంవత్సరం. తెలుగు అంకెలలో చెక్కారు. ఒకటి, తొమ్మిది, చివర ఆరు స్పష్టంగా ఉన్నాయి. మూడవ స్థానంలో ఉన్నది ౨ లాగానూ ఉంది, ౩ లాగానూ ఉంది. ఆ రెండింటికీ ఎంత పోలికో పాత పంచాంగాలు చదివినవారికి తెలుసు. ఇరువర్గాల పెద్దలూ మా భుజాలమీదినుంచి తొంగి చూస్తున్నారు.

అప్పుడు కీర్తన సంఖ్య మీదికి చూపు పోయింది. 127లో నడుమ రెండు ఉన్నది. అదే ఉలి, అదే చేయి. ఆ రెండు ఎలా చెక్కాడో చూసి, దారంతో కొలిచి, సంవత్సరంలోని అంకెతో పోల్చాము. క్రింద ఇంకొక మెలిక ఉంటే మూడు. వేలితో తడిమితే అక్కడ రాయి నున్నగా ఉంది. అరుగుదల కాదు, ఉలి తాకనే లేదు. రెండే.

సంఘ పెద్ద ఒకరు, 1936 అని వాదించిన ఆయనే, చెప్పులు వేసుకుని పెద్దమ్మ ఇంటివైపు నడిచాడు.